టీచరమ్మ ఎడమ కాలు

టీచరమ్మ అని పేరే గానీ ఆవిడ ఏనాడూ సుద్దముక్క పట్టిన మనిషి కాదు. ఆవిడ నేర్పింది డ్రైవింగు. ఆ ఊళ్ళో స్టీరింగు పట్టిన వాళ్ళలో సగంమంది ఆవిడ పక్క సీట్లో ఉండగా చెమటలు కక్కిన వాళ్ళే. "క్లచ్ మీంచి కాలు ఎలా తియ్యాలి? నిద్రపోతున్న పసివాడి మీంచి దుప్పటి తీసినట్టు తియ్యాలి" అని చెప్పేది. అలా తీయని వాళ్ళ చెవులు ఆ పూటకి పనిచేసేవి కావు. ఆవిడ దగ్గర నేర్చుకున్న ఒకాయన ఇప్పటికీ నిద్రలో "క్లచ్! క్లచ్!" అని అరుస్తూ మంచం కోడు తన్నుతాడని, ఆ తన్నులకి మంచం రాత్రికి జానెడు చొప్పున జరిగి తెల్లారేసరికి వాకిట్లో ఉంటుందని చెప్పుకుంటారు. వాకిట్లోకి రావడం మాట ఏమో గానీ, తన్నడం మాత్రం నిజమే. ఆయన భార్యే చెప్పింది.

అలాంటి మనిషిని పట్టుకుని సొంత తమ్ముడు అనకూడని మాట అనేశాడు.

"అక్కా, వణికేది కారు కాదు. నీ కాలు."

ఆ కారు పేరు మిడత. రెండే సీట్లు, పొడుగాటి ముక్కు, నేలకి ఆనీ ఆనని పొట్ట. పూర్వం ఎవరో షోకిలా రాయుడు పందేలకి వాడి, మోజు తీరాక ఒక షెడ్డులో పారేశాడు. టీచరమ్మ దాన్ని చూసి, తెచ్చి, ఒక్కో మర కడిగి, ఒక్కో రేకు సాపు చేయించి మళ్ళీ రోడ్డెక్కించింది. అందులోకి ఎక్కడం అంటూ ఉండదు, పడిపోవడమే. దిగడం అంటే బావిలోంచి పైకి రావడమే. అయినా ఆవిడ రోజూ పొద్దున్నే అందులో పడి, ఊరు చుట్టి, లేచి వచ్చేది. డ్రైవింగు స్కూలు మూసేశాక ఆవిడకి మిగిలిన రాజ్యం అదొక్కటే.

మొన్నామధ్య ఆవిడ ఎడమ మోకాలికి ఆపరేషన్ అయింది. ఆస్పత్రిలోనూ మంచం మీదా ఉన్నన్నాళ్ళు మిడతని తమ్ముడింట్లో ఉంచారు. కాలు చక్కబడి, డాక్టరు ఇక నడపొచ్చు అన్న రోజునే ఆవిడ తాళాలు తీసుకుంది. మొదటి గేరు వేసి, పసివాడి మీది దుప్పటి తీసినట్టే క్లచ్ మీంచి కాలు తీసింది. మిడత గడగడా వణికిపోయింది. చలిజ్వరం వచ్చినవాడి పళ్ళలాగ తలుపులు టకటకలాడాయి. కదిలాక మామూలే, ఎంత వేగంగా పోయినా నిబ్బరంగానే పోతుంది. ఆగి మళ్ళీ కదలబోతే మళ్ళీ అదే వణుకు. వెనక్కి తీస్తే మరీ ఎక్కువ.

మెకానిక్ క్లచ్ ప్లేటు మార్చాడు. వైరు కొత్తది వేశాడు. వణుకు పోలేదు.

అక్కడ మొదలైంది తమ్ముడి బెంగ. అతనిది పరుపుల దుకాణం. లోకంలోని బాధలన్నీ వస్తువులు గట్టిగా ఉండటం వల్లే వస్తున్నాయని అతని సిద్ధాంతం. అతనింట్లో కుర్చీలకి మెత్తలు, మెత్తల మీద మెత్తలు. తలుపులకి స్పాంజి. గోడ గడియారం మరీ గట్టిగా టిక్కుటిక్కుమంటోందని దాని వెనక కూడా దూదిపొర పెట్టాడు. ఆ ఇంటి సోఫాలో కూర్చున్న ఒక చుట్టం ఎంతకీ లేవలేక, భోజనం అందులోకే తెప్పించుకుని, మర్నాడు ఇద్దరు లాగితే బయటపడ్డాడని వీధంతా చెప్పుకుంటారు. మనసు కూడా అంత మెత్తనిదే. అక్క అంటే ప్రాణం పెడతాడు. అక్క నడుపుతూ ఏ లారీ కిందో పడితే ఎలాగ అన్నదే అతని దిగులు.

ఇంతలో ఒక హోటలు యజమాని మిడతని కొంటానని అడిగాడు. కొత్తగా కట్టిన హోటలు హాల్లో, అద్దాల గదిలో పెడతాడట. సీట్లలో పూలమొక్కలు పెంచుతాడట.

"బాగుంటుందక్కా. నలుగురూ చూస్తారు. ఎండా వానా తగలవు" అన్నాడు తమ్ముడు.

"నన్ను కూడా పెట్టమను. నెత్తిమీద ఒక మొక్క పెట్టుకుని కూర్చుంటాను."

"అన్నిటికీ వెటకారమేనా? నేను నడిపితే అది వణకడం లేదు. నువ్వు నడిపితేనే వణుకుతోంది. ఆపరేషన్ అయిన కాలు కదా. ఒప్పుకుంటే తప్పేముంది?"

"నువ్వు క్లచ్ వదలవురా, జారవిడుస్తావు. లారీ మీంచి పరుపులు దించినట్టు దభీమని. వణకడానికి దానికి సందేది?"

"సరే, ఇంకెవరి చేతనైనా నడిపించి చూద్దామంటే అందరూ నీ శిష్యులే. నువ్వు పక్కన కూర్చుంటే చాలు, ఆరోగ్యంగా ఉన్న కాళ్ళు కూడా వణుకుతాయి."

ఆ మాటకి ఆవిడకి నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. నవ్వితే సగం ఓడినట్టే. చివరికి ఒక ఒప్పందం చేసుకున్నారు. మెకానిక్ షెడ్డులో, ముగ్గురూ ఉండగా, తేలిపోవాలి. తప్పు కారుది అయితే తమ్ముడు ఇక హోటలు ఊసెత్తకూడదు. కాలిది అయితే తాళాలు అతని చేతిలో పెట్టేయాలి.

ఒప్పుకున్నప్పుడు ఆవిడ గొంతు ఖంగుమంది. కానీ ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. మెట్లు దిగేటప్పుడు ఆ కాలు ఒక్కోసారి నిజంగానే వణికేది. గోడ పట్టుకుని, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, "నోర్ముయ్" అని దాన్ని కసిరి మిగతా మెట్లు దిగేది.

మెకానిక్‌ని అందరూ నిదానం అంటారు. తొందర అన్నది అతని ఒంట్లో లేదు. తుమ్ము వచ్చినా కాసేపు ఆలోచించుకుని తుమ్ముతాడని ప్రతీతి. అతనూ ఆవిడ శిష్యుడే. నేర్చుకునే రోజుల్లో రెడ్ లైటు దగ్గర ఆగి, అది పచ్చగా మారినా, మళ్ళీ ఎర్రగా మారినా కదలకుండా కూర్చున్న ఘనుడు. అతనికి మిడత ఒళ్ళంతా తెలుసు. ఒక్క డ్రైవరు సీటు తప్ప. అతని పొట్టకీ మిడత స్టీరింగుకీ పొసగదు. ఒకసారి సాహసించి కూర్చుంటే, దింపడానికి స్టీరింగు ఊడదీయాల్సి వచ్చింది.

ఆ పొద్దున షెడ్డు ముందు మిడత బానెట్ ఊడదీసి పక్కన పెట్టి ఉంది. రెండు గోడల మధ్య బండలు పరిచిన పొడుగాటి ఆవరణ. గేటు బయట ఎత్తుగా పోయే రోడ్డు. నిదానం చేతులు గుడ్డకి తుడుచుకుంటూ, తుడుచుకుంటూ, చివరికి నోరు విప్పాడు.

"ప్లేటు విప్పి చూశానండి టీచరమ్మా. నూనె పడలేదు, కాలిన గుర్తు లేదు. వెనక షాఫ్టు బాగుంది. అది పోతే వేగంలో ఊగాలి. మీకు వేగంలో బాగానే ఉందంటున్నారు."

"నేను అనడం కాదు. బాగానే ఉంది."

"ఆ, బాగానే ఉంది. అందుకని ఒకటి అనుకున్నానండి. క్లచ్ లివరు పైకే కనిపిస్తోంది. వైరు విప్పేసి, లివరుకి పైపు తగిలించి నేనే చేత్తో లాగుతాను. మీరు ఎడమ కాలు ఎత్తి సీటు మీద పెట్టుకోండి. బ్రేకూ ఆక్సిలేటరూ కుడికాలితో చూసుకోండి. నేను చెయ్యి మెల్లగా వదుల్తాను. అప్పుడూ వణికితే కాలిది తప్పు కాదు."

"వణక్కపోతే?" అన్నాడు తమ్ముడు.

నిదానం చేతులు గుడ్డకి మళ్ళీ మొదటినుంచి తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

"చెప్పవోయ్. వణక్కపోతే నా కాలిదే. నాకేం భయమా?" అని టీచరమ్మ మిడతలోకి పడింది.

ఇంజను గుర్రుమంది. నిదానం పైపు పట్టుకుని లాగి, "వెయ్యండి గేరు" అన్నాడు. ఆవిడ వేసింది. ఎడమ కాలు సీటు మీద మడిచి పెట్టుకుంది. నిదానం, తన పేరు నిలబెట్టుకుంటూ, వెంట్రుక వెంట్రుకగా పైపు వదిలాడు.

మిడత కదిలింది. పాల మీద మీగడ కదిలినట్టు కదిలింది. ఒక్క తలుపు టక్కుమనలేదు. నిదానం పైపు పట్టుకుని దాని పక్కనే నడుస్తుంటే, దూడని కాలవకి తోలుకెళ్తున్నట్టుంది. ఆవరణ చివర ఆవిడ బ్రేకు తొక్కింది. ఇంకోసారి చేశారు. వెనక్కి తీసి కూడా చేశారు. అంతే మెత్తగా, అంతే చక్కగా.

తమ్ముడు కారు దగ్గరికి వచ్చి కిటికీ దగ్గర వంగాడు. అతని మొహంలో గెలిచిన సంతోషం లేదు. అదే ఆవిడకి ఎక్కువ మండింది.

"అక్కా, కాలు తీసేస్తే వణుకు పోయింది. ఇంకేం చూస్తాం? నిన్నేమీ అనడం లేదు. ఇన్నాళ్ళూ నడిపావు. చాల్లే." అని చెయ్యి చాపాడు. చెయ్యి కూడా మెత్తగానే చాపాడు.

టీచరమ్మ తాళం వైపు చూసింది. సీటు మీద మడిచి పెట్టుకున్న కాలు సన్నగా వణుకుతోంది. అరచేత్తో మోకాలిని అదిమి పట్టుకుంది. అద్దాల గది కళ్ళముందు కనిపించింది. అందులో తన సీట్లో ఎవరో నీళ్ళు పోస్తున్నారు. తాళం మీద ఆవిడ వేళ్ళు బిగుసుకున్నాయి.

"చెయ్యి తియ్యి."

"ఒప్పందం, అక్కా..."

"ఒప్పందం తేలాక. ఇంకా తేలలేదు. ఇప్పుడు మనం ఏం తీసేశాం? చెప్పు."

"నీ కాలు."

"ఇంకా?"

"ఇంకేముంది?"

"నా కాలు గాల్లోంచి వెళ్ళి క్లచ్‌ని పట్టుకుంటుందా? మధ్యలో ఏం లేవూ? ఏవయ్యా నిదానం, నువ్వు చెప్పు. తొందరగా చెప్పు, నేను పోయేలోగా."

నిదానం కళ్ళు చికిలించాడు. "పెడలు తీసేశామండి. వైరు... వైరు కూడా తీసేశాం."

"అదీ. నా కాలికీ క్లచ్‌కీ మధ్య ఇంతమంది ఉండగా నేరం నా ఒక్కదాని నెత్తినే ఎందుకు రుద్దారు? నేను ముసలిదాన్ని గనకనా?"

"వైరు కొత్తదేనండి. మొన్న నేనే వేశాను. గ్రీజు కూడా పెట్టాను."

"నేను వైరుని తిట్టడం లేదు. దాని ఒక కొస ఎక్కడ బిగించావు?"

"పెడలుకి. వైరు తొడుక్కున్న గొట్టం బాడీ రేకుకి."

"రెండో కొస?"

"లివరుకి."

"లివరు దేనిమీద ఉంది?"

"గేరు బాక్సు మీద. గేరు బాక్సు ఇంజనుకి..." నిదానం ఆగిపోయాడు. అతను ఆగిపోవడం కొత్తేమీ కాదు గానీ ఈసారి నోరు తెరిచి ఆగాడు. "ఇంజను కదిలితే వైరు లాగుతుంది."

"ఇంజను ఎందుకు కదుల్తుంది? మరలు బిగించలేదా?" అన్నాడు తమ్ముడు విసుగ్గా.

"వైరు మళ్ళీ తగిలించు. ఒరేయ్ తమ్ముడూ, నువ్వు ఇటు వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని నా కాలు చూడు. కన్నార్పావంటే చెవి మెలేస్తాను. నిదానం, నువ్వు పక్కన నిలబడి ఇంజను చూడు. చక్రాలకి రాళ్ళు పెట్టండి."

ఆవిడ గొంతులో పాత పక్కసీటు గొంతు వచ్చేసింది. ఆ గొంతు వచ్చాక ఎదురు చెప్పినవాడు ఆ ఊళ్ళో లేడు. రాళ్ళు పెట్టారు. చేతిబ్రేకు వేసింది. తమ్ముడు తెరిచిన తలుపు దగ్గర బండల మీద మోకరిల్లి, కింద మెత్త లేనందుకు ఇబ్బంది పడుతూ, అక్క చెప్పు మీద చూపు పెట్టాడు.

ఆవిడ మొదటి గేరు వేసి, కాలు మెల్లగా వదిలి, క్లచ్ పట్టీ పట్టని చోట ఆపింది. అక్కడ ఆపి ఉంచడం గొప్ప విద్య. ఆవిడ దాన్నే జీవితమంతా నేర్పింది.

మిడత గడగడలాడింది.

"ఏం కనిపిస్తోంది?" అని అరిచింది.

తమ్ముడు ఇంకాస్త వంగి చూశాడు. తర్వాత, "నీ కాలు కదలడం లేదక్కా," అన్నాడు. "పెడలే కింది నుంచి కాలిని తంతోంది."

"ఇంజను?"

"ఉయ్యాలూగుతోందండీ!" నిదానం మొదటిసారి తొందరగా మాట్లాడాడు. "అబ్బో! పట్టగానే పక్కకి ఒరుగుతోంది, ఒరగ్గానే వైరు బిగుసుకుని క్లచ్ వదిలేస్తోంది, వదలగానే వెనక్కి వచ్చి పడుతోంది, మళ్ళీ పట్టుకుంటోంది. ఇటు ఒకళ్ళు అటు ఒకళ్ళు తాడు లాగినట్టు!"

ఇంజను ఆపారు. నిదానం లోపలికి వంగి, ఇంజనుని మోసే రబ్బరు దిమ్మ మీద బొటనవేలు నొక్కాడు. వేలు గోరు దాకా దిగిపోయింది. తీసి చూసుకున్నాడు. ఇంకోసారి నొక్కాడు.

"టీచరమ్మా, ఇవి ఎప్పుడు మార్పించారండి? కొత్తగా నల్లగా మెరుస్తున్నాయి కదా, మీరే ఎక్కడో వేయించుంటారని నేను ముట్టుకోలేదు. ఇది రబ్బరా, బన్ను రొట్టా?"

"నేను మార్పించలేదే."

ఇద్దరూ తమ్ముడి వైపు తిరిగారు. ఎవరూ అతని పేరెత్తలేదు. అయినా తిరిగారు. అతను బండల మీద మోకాళ్ళ మీదే ఉన్నాడు.

"మన దుకాణం సరుకే," అన్నాడు సన్నగా. "పరుపుల కంపెనీ వాళ్ళ చేత ప్రత్యేకంగా పోయించాను. పాతవి రాళ్ళలా ఉన్నాయక్కా. కారు అదిరితే నీ మోకాలికి అదురు తగుల్తుందని... ఇంజను కింద కాస్త మెత్తగా ఉంటే నీకు హాయిగా ఉంటుందని. నువ్వే కూర్చుని 'అబ్బ, ఎంత బాగుందిరా' అంటావనుకున్నాను. నువ్వు వణుకుతోందన్నావు. దీనికీ దానికీ సంబంధం ఉందని నాకేం తెలుసు?"

"నాకు మోకాలు ఆపరేషన్ చేస్తే," అంది టీచరమ్మ ఒక్కో మాటా విడదీస్తూ, "నువ్వు ఇంజనుకి పరుపేశావా?"

నిదానం మొహం అటు తిప్పుకున్నాడు. అతని పొట్ట మాత్రం వాళ్ళ వైపే ఉండి కుదుపులు కుదుపులుగా నవ్వింది.

"మంచికే చేశానక్కా."

"మంచికే చేశావు. వేశావు, ఊరుకున్నావు. అది వణికితే నీ రబ్బరు మీద అనుమానం రాలేదు, వైరు మీద రాలేదు, ప్లేటు మీద రాలేదు. సూటిగా నా కాలు మీదికి వచ్చింది. ఎందుకురా? ముసలి కాలు గనక. నోరు లేదనుకున్నావు. దీనికి లేకపోతే పైన నాకుంది!"

తమ్ముడు తల దించుకున్నాడు.

సరైన దిమ్మలు తెప్పించడానికి ఎలాగూ కొన్నాళ్ళు పడుతుంది. ఆవిడ అన్నాళ్ళు ఆగుతానంటే గదా! నిదానం గట్టి కర్రముక్క ఒకటి చెక్కి, చూసి, మళ్ళీ చెక్కి, ఇంజను ఒరిగే వైపు బిగ్గొట్టాడు. "పరీక్షకే సుమండీ. దీనితో ఊళ్ళు తిరగకండి" అన్నాడు. బానెట్ తగిలించాడు.

"ఎక్కు," అంది తమ్ముడితో.

అతను ఎక్కాడు, అంటే పడ్డాడు. ఇంజను మోగింది. కర్రముక్క పుణ్యమా అని ఆ మోత అంతా ఇప్పుడు తిన్నగా ఒంట్లోకే వచ్చేస్తోంది. స్టీరింగు జుమ్మంటోంది, అద్దం జుమ్మంటోంది, తమ్ముడి బుగ్గలు జుమ్మంటున్నాయి.

"అక్కా, ఇది ఇంకా అ-అ-అదురుతోంది!"

"ఇంజనన్నాక అదురుతుంది. బతికున్న వస్తువు. నువ్వు కాలు చూడు."

ఆవిడ క్లచ్ వదిలింది. మిడత తొణక్కుండా బెణక్కుండా గేటు దాటి రోడ్డెక్కింది. అంతటితో తేలిపోయినట్టే. ఇంకొకరైతే వెనక్కి తిప్పుకొచ్చేవారు. ఆవిడ ఎత్తు మీదికి తోలింది. సరిగ్గా నడి ఎత్తులో ఆపింది. చేతిబ్రేకు వేయలేదు. కాలిబ్రేకు మీంచి కూడా కుడికాలు తీసి, కాస్త ఆక్సిలేటరు ఇచ్చి, ఎడమ కాలి పట్టు మీదే కారుని గాల్లో వేలాడదీసినట్టు నిలబెట్టింది. ముందుకి ఒక అంగుళం పోదు, వెనక్కి ఒక అంగుళం జారదు.

వెనక ఒక బస్సు వచ్చి ఆగి హారను కొట్టింది. దాని వెనక ఇంకో రెండు హారన్లు.

"పోనీ అక్కా, బస్సు."

"ఆగనీ. ఆ డ్రైవరుకి నేర్పింది నేనే. ఆ హారను కొట్టే తీరు చూస్తే తెలియడం లేదూ?"

"తప్పు నాదే. ఒప్పుకున్నాను. కదులు."

"ఇంకా చూడు."

షెడ్డు గేటు దగ్గర నిదానం రెండు చేతులూ ఎత్తి అరుస్తున్నాడు. "టీచరమ్మా! ప్లేటు కాలిపోతుందండీ! కొత్త ప్లేటండీ!" సన్నగా మాడు వాసన కూడా మొదలైంది. శిష్యులెవరైనా ఈ పని చేసుంటే ఆవిడ వాళ్ళ వీపు చిట్లగొట్టేది. అయినా కారుని అలాగే పట్టి ఉంచింది. తమ్ముడు ఆ కాలిని చూసినంతసేపూ పట్టి ఉంచింది. అతను చూడ్డం ఆపి ఆవిడ మొహం వైపు చూశాక, అప్పుడు పోనిచ్చింది.

ఎత్తు దాటాక రోడ్డు పక్కన చదునుగా ఉన్నచోట ఆపి ఇంజను ఆపేసింది. బస్సు దాటుకుని పోతూ, డ్రైవరు కిటికీలోంచి తిట్టబోయి, మనిషిని గుర్తుపట్టి, నమస్కారం పెట్టి పోయాడు.

"హోటలాయనకి ఏం చెప్పను?" అన్నాడు తమ్ముడు.

"నిన్ను పెట్టుకోమను. కింద పరుపుంటే నువ్వెక్కడైనా కూర్చుంటావు."

అతను నవ్వాడు. ఆవిడ కూడా నవ్వింది. ఇప్పుడు నవ్వితే నష్టం లేదు. తర్వాత తలుపు తెరిచి, పైన రేకు పట్టుకుని, బావిలోంచి వచ్చినట్టు బయటికి వచ్చి నిలబడింది. ఎత్తు మీద అంతసేపు పట్టి ఉంచిన ఎడమ కాలు అప్పుడు మొదలుపెట్టింది. పాదం నుంచి తొడ దాకా గడగడా, ఎవరికైనా కనిపించేటట్టు. తమ్ముడు గబగబా దిగి ఇటు చుట్టి రాబోయాడు.

ఆవిడ ఈసారి గోడ కోసం చూడలేదు. అరచెయ్యి మోకాలి మీద పెట్టలేదు. కాలు ఇంకాస్త ముందుకు చాపి అతనికి చూపించింది.

"బాగా చూడు. ఇదీ నా కాలు వణకడం. ఇందాకటిది కారు వణకడం. తేడా తెలిసిందా? వణికితే వణకనీ, నా పని అది చేసిపెడుతోంది. ఇంకో రెండు నిమిషాలు దాన్ని వణకనిచ్చి, మళ్ళీ నేనే తోలుతాను. ఎక్కి కూర్చో."

తమ్ముడు ఎక్కి కూర్చున్నాడు.